పదో తరగతి హాజరులో ఒక పేరు

మా ఇద్దరికీ మాటలు లేవని మదనపల్లెలో మా వీధికంతా తెలుసు. యాల, ఎందుకట్ల అని అడిగినోళ్ళకంతా నేను ఒకటే చెప్తాను. "నమ్మించి గొంతు కోసిందమ్మా" అంటాను. వాళ్ళు అయ్యో అంటారు, కాఫీ ఇస్తారు. నేను చెప్పేది అబద్ధం కాదు, ఆమె గొంతు కోసిన మాట నిజమే. అయితే ఎప్పుడు చెప్పినా కథ ఒకచోటికి వచ్చేసరికి ఆపేస్తాను. ఆ తర్వాత జరిగింది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, ఈడ చెప్తాను.

నేను సోషల్ టీచర్ని. పుంగనూరు పక్కన ఒక ప్రభుత్వ హైస్కూల్లో పని. ఆమె అదే బళ్ళో లెక్కల టీచరు. నాకంటే ఆరేండ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. ఇద్దరి ఇండ్లూ మదనపల్లెలోనే కాబట్టి తొమ్మిదేండ్లు ఒకే బస్సులో పోయి ఒకే బస్సులో వచ్చినాము. ముందు ఎక్కినోళ్ళు రెండోవాళ్ళకి సీట్లో క్యారియర్ బ్యాగు పెట్టాల, అది మా పద్ధతి. ఎవురైనా ఆ బ్యాగు జరిపి కూర్చోబోతే నేను ఊరుకునేదాన్ని కాదు. నా నోరు అట్లాంటిది, కోపం ముక్కు మీదే ఉంటాది. ఆమె అట్ల కాదు, మెత్తగా మాట్లాడతాది. మా ఆయన పోయినప్పుడు పదకొండు దినాలూ మా ఇంట్లోనే ఉండి నా కూతురికి జడలేసి బడికి పంపింది ఆమె. తోడబుట్టినోళ్ళు చెయ్యనిది చేసింది. అందుకే మా హెడ్మాస్టరు రిటైరయి, కొత్త ఆయన రాక, ఆమెను ఇన్‌చార్జి చేసినప్పుడు నాకు పండగే అయ్యింది. మా అక్కే హెడ్మిస్ట్రెస్, నాకింకేమి తక్కువ అనుకున్నాను.

ఆ ఏడు సోషల్ టీచర్లకి ఒక పని ఇచ్చినారు. పక్క దేశాల్లో ఒకదాన్ని తీసుకోవాల. ఆ దేశంలో హైస్కూలు చదువుకి చేరే పిలకాయలు ఎంతమంది, మన దేశంలో ఎంతమంది, ఏండ్లు గడిచేకొద్దీ అది ఎట్ల మారింది, చార్టు గీసి క్లాసులో చెప్పాల. తర్వాత మదనపల్లెలో మీటింగు పెడతారు, ఆడ అందరి ముందరా చూపించాల. పై నుంచి వచ్చే పనుల్ని నేను మామూలుగా తిట్టుకుంటానే చేస్తాను. ఇది మాత్రం ఇష్టంగా చేసినాను.

నేను శ్రీలంకను తీసుకున్నాను. దానికి కారణం నా తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల. మ్యాపులో లంకను చూపిస్తాంటే లేచి నిలబడి, "మేడం, ఆడ ఆడపిల్లలు టెన్త్ దాకా సదువుతారా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు. వాళ్ళ నాయన పుంగనూరులో పరుపులు కుట్టే ఆయన. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. అక్కలు ఇద్దరు, ఒకామె ఏడుతో ఆపేసింది, ఇంకొకామె ఎనిమిదితో. ఈ పిల్ల టెన్త్ పాసైతే ఆ ఇంటికంతా అదే మొదటి టెన్త్. ఆ సంగతి నాకు దినానికి రెండుసార్లు గుర్తు చేసేది. నేను మర్చిపోతానేమో అని దానికి భయం.

చార్టు మూడు సాయంత్రాలు గీసినాము. నేను నెట్‌లో వెతికి ఏ ఏడు ఎంతో రాసిస్తే, అక్క గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టింది. ఆ పిల్ల స్కెచ్ పెన్నుతో చుక్కలు కలిపింది. లంక గీత మొదట్నుంచీ పైనే ఉండాది. మనది అడుగు నుంచి ఎక్కుతా ఎక్కుతా వస్తాది. చిన్న దేశం, యుద్ధాలు చూసిన దేశం, వాళ్ళ పిల్లలు ఎప్పుడో హైస్కూలు గడప తొక్కేసినారు, మనం ఇప్పుడు తొక్కుతాండాము. నాకు రోంత సిగ్గేసింది. ఆ పిల్లకి అట్ల అనిపించలా. "మనదే బాగుండాది మేడం" అనింది. "వాళ్ళది ఎప్పుడూ పైనే కదా, సూసేదానికి ఏమీ లేదు. మనది ఎక్కతాండాది." అక్క నవ్వి, "ఇది లెక్కల్లో ఫస్టు వచ్చే పిల్లే" అనింది. నేను గీత చివర వేలు పెట్టి, "వచ్చే ఏడు పెట్టే చుక్కలో టెన్త్ పిల్లగా నువ్వు కూడా ఉంటావు మే" అన్నాను. దాని మొగం ఎంత వెలిగిందో చెప్పలేను.

జూన్‌లో బడి తెరిచినారు. ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది, నేను దానికి క్లాస్ టీచర్ని. రెండు వారాలు తిరక్కముందే వాళ్ళ నాయన వచ్చినాడు. కుప్పంలో ఆయన బావమరిదికి పరుపుల అంగడి ఉండాది, పుంగనూరులో వ్యాపారం లేదు కాబట్టి సంసారం ఆడికి మారుస్తాండాడు. "టీసీ ఇప్పించండమ్మా" అన్నాడు. "ఈడే ఆపించేస్తామంటే పాప అన్నం తినేది మానేసింది. కుప్పంలో బడి సూసినాను. చేర్చుకుంటాము, టీసీ తెమ్మన్నారు."

అక్క చాలా మర్యాదగా, "ఆగస్టు కానీ అప్పా. ఇప్పుడు కంప్యూటర్‌లో రావడం లేదు. పాపని ఆ బడికి పంపిస్తా ఉండు, కాగితం నేను పంపిస్తాను" అనింది. ఆయన దండం పెట్టి పోయినాడు.

ఆయన గేటు దాటినాక అక్క తలుపు దగ్గరికేసింది. "ఇప్పుడు పిలకాయల లెక్క తీస్తాండారు" అనింది. "ఇంతమంది ఉంటేనే ఇన్ని పోస్టులు. మనం సరిగ్గా అంచు మీద ఉండాము. ఒక్క పిల్ల తగ్గినా ఒక పోస్టు లేచిపోతాది. పోయేది సోషలే. నిన్ను తీసుకుపోయి గుర్రంకొండ అవతల ఏ మూలకో వేస్తారు. ఇంటర్ చదివే బిడ్డని ఇంట్లో ఒంటరిగా పెట్టి యాడికని తిరుగుతావు?"

"మరి ఎట్ల అక్కా?" అన్నాను.

"ఎట్ల లేదు. ఆగస్టు దాకా హాజరు వెయ్యి. లెక్క అయిపోతానే వదిలేస్తాను. పిల్ల కుప్పంలో చదువుకుంటానే ఉంటాది కదా, దానికి పోయేదేముండాది?"

ఇది అర్థం కావాలంటే ఇప్పుడు బళ్ళల్లో పని ఎట్ల జరుగుతాదో చెప్పాల. రిజిస్టర్లు పేరుకే. హాజరు ఫోన్‌లో వేస్తాము. పిల్లల పేర్లు వరసగా వస్తాయి, వచ్చినోళ్ళ పక్కన నొక్కాల. ఒక పిల్ల బడి మారితే, పాత బడివాళ్ళు ఆ పేరును కంప్యూటర్‌లో వదిలిపెట్టాల. అప్పుడే కొత్త బడివాళ్ళు దాన్ని తీసుకోగలరు. పాత బడి వదలకపోతే, ఆ పిల్ల కొత్త బళ్ళో ఏడాదంతా ముందు బెంచీలో కూర్చున్నా కూడా, కాగితాల్లో ఆ బడికి అట్లాంటి పిల్లే లేదు.

నేను నొక్కినాను. మొదటి దినం ఆ పేరు దగ్గర ఆగినాను. నాలుగో దినానికి ఆగలేదు. మిగతావాళ్ళతోపాటే నొక్కేసి పాఠం మొదలుపెట్టేదాన్ని.

ఆగస్టు ఆఖర్లో బస్సులో అక్క నా చెయ్యి పట్టుకుని, "నీ పిల్లను వదిలేసినాను పో. ఇంక నిమ్మళంగా ఉండు" అనింది. నేను బస్సులోనుంచే ఆ పిల్ల నాయనకి ఫోన్ చేసి, "పని అయిపోయిందప్పా. మీ బడివాళ్ళకి చెప్పుకో" అన్నాను. ఆయన దువా చేస్తాను అన్నాడు. ఫోన్ తీసుకుని పిల్ల కూడా మాట్లాడింది. ఆడ సైన్సు సారు బాగా చెప్తాడంట, సోషల్ మాత్రం నా మాదిరి ఎవురూ చెప్పరంట.

మరుసటి దినం ఫోన్‌లో చూస్తే దాని పేరు అట్లే ఉండాది. "పేరు పోలేదే అక్కా" అంటే, "సర్వర్ స్లో. పోయేదానికి టైం పడతాది. అందాకా వేస్తా ఉండు, గైర్హాజరు పడితే మళ్ళీ యాల అని అడుగుతారు" అనింది. సెప్టెంబరు పోయింది, అక్టోబరు పోయింది. నాకేమీ తెలీదని ఇప్పుడు అంటే నా నోట్లో పురుగులు పడతాయి. రోజూ పొద్దున ఆ పేరు కనిపిస్తానే ఉన్నింది. ఆమె మాట నమ్మితే సుఖంగా ఉంటాది కాబట్టి నమ్మినాను.

నవంబరులో ఆ పిల్ల నాయన ఫోన్ చేసినాడు. టెన్త్ పరీక్షకి పేర్లు పంపిస్తాండారంట, కుప్పం బడివాళ్ళకి ఈ పిల్ల పేరు రాలేదంట. నాకు కోపం వచ్చింది. "నేను చెప్తాండాను కదప్పా! మా హెడ్మిస్ట్రెస్ ఎప్పుడో వదిలేసింది. మీ బడివాళ్ళకి కంప్యూటర్ చూసేది రాదేమో, వాళ్ళనడుగు పో" అని అరిచినాను. పాపం ఆయన, "కోపం చేసుకోవద్దమ్మా" అని పెట్టేసినాడు. నా అరుపుకి ఆయన ఇంకో పది దినాలు గమ్మున ఉన్నాడు. ఆ పది దినాలు ఆ పిల్లకి ఎంత అవసరమో నాకు తర్వాత తెలిసింది.

పోయినేడు నుంచి వాయిదా పడతా ఉన్న మదనపల్లె మీటింగు అప్పుడే వచ్చింది. చార్టు చుట్టుకుని పోయినాను, గోడకి తగిలించినాను, బాగా మాట్లాడినాను కూడా. లంక ఎప్పుడో ఎక్కిన మెట్టు మనం ఇప్పుడు ఎక్కుతాండామని, ఈ గీతలో ప్రతి చుక్క వెనకాలా ఒక పిల్ల ఉండాదని చెప్పినాను. చప్పట్లు కొట్టినారు. పై అధికారి లేచి మా బడి పేరు చెప్పి, పదో తరగతిలో ఒక్క పిల్ల కూడా మానెయ్యలేదు, అందరూ చూసి నేర్చుకోండి అన్నాడు. నేను నవ్వుతా నిలబడినాను.

టీ తాగేటప్పుడు ఆఫీసు గుమాస్తా పక్కకి వచ్చినాడు. ఊర్లో పిల్లోడే, నాకు బాగా తెలుసు. "మీ అక్క గట్టిదమ్మా, పోస్టు నిలబెట్టుకునింది" అన్నాడు.

"నా పోస్టు గదప్పా అది" అన్నాను.

"మీదా? సోషల్ మీద మాటే రాలేదే! రెండు లెక్కల పోస్టుల్లో ఒకటి పోవాల. మీ బళ్ళో చేరిన తేదీ చూస్తే వెనకొచ్చింది ఆమే, కాబట్టి ఆమే పోవాల. ఆ లెక్క ఆగస్టులో తేలక మొన్నటి దాకా సాగింది, అంచు మీద తప్పించుకునింది."

టీ గ్లాసు పెట్టేసి, ఆ పిల్ల పేరు చెప్పి చూడమన్నాను. ఆయన ఫోన్‌లో చూసి, "మీ బళ్ళోనే ఉండాది కదా. ఒక్క దినం కూడా మానలేదు, మంచి పిల్ల" అన్నాడు. ఎందుకో తట్టి పరీక్షకి పంపిన జాబితా కూడా చూడమన్నాను. దాంట్లో మా బడి పిల్లలందరి పేర్లూ ఉండాయి, ఈ పిల్ల పేరు లేదు. పోస్టుల లెక్కకి ఉండాల. పరీక్షకి ఉంటే, బడికే రాని పిల్ల తప్పిందంటే, నూటికి నూరు రిజల్టు పోతాది. అందుకని అక్క దాన్ని ఈ లెక్కలో ఉంచింది, ఆ లెక్కలో తీసేసింది.

ఆ సాయంత్రం పుంగనూరు నుంచి వచ్చే బస్సు కోసం మదనపల్లె బస్టాండులోనే నిలబడినాను. ఆమె దిగుతానే పట్టుకున్నాను. జనం చూస్తాండారని కూడా చూసుకోలేదు. "నా బిడ్డ పేరు చెప్పి నన్ను భయపెట్టి నీ పోస్టు కాపాడుకుంటివా? తొమ్మిదేండ్లు నిన్ను నెత్తిన పెట్టుకుంటినే! ఆ పిల్ల నీకేం ద్రోహం చేసింది?"

ఆమె అరవలేదు. ఆమె అరిచి ఉంటే నాకు బాగుండేది. "మా ఆయనకి వారానికి రెండుసార్లు డయాలసిస్. నన్ను దూరం వేస్తే ఆయన్ని ఎవురు తీసుకుపోతారు? నిజం చెప్పి ఉంటే నువ్వు వేసేదానివా హాజరు? నీ పోస్టు అంటేనే వేస్తావు. నువ్వు నాకు తెలుసు" అనింది. "జాబితా పంపించేసినాను. ఇంక దాంట్లో ఎక్కించేదానికి లేదు. ఒక్క ఏడు కదా, వచ్చే ఏడు రాసుకుంటాది" అనింది. నేను ఛీ అన్నాను. ఆ దినమే మాటలు పోయినాయి. ఆడికి వచ్చేసరికి నేను కథ ఆపేస్తాను.

కథ ఆడ అయిపోలేదు. మరుసటి శనివారం నేను కుప్పం పోయినాను. పలమనేరులో బస్సు మారి, బైరెడ్డిపల్లె దాటేదాకా కిటికీ పక్కన ఏడుస్తానే ఉన్నాను. ఏడ్చింది నాకోసమే, నన్ను మోసం చేసిందే అని. ఆ పిల్లకి జరిగింది చెప్పాల, అక్క ఎట్లాంటిదో చెప్పాల అని పోతాండాను.

అంగట్లో దూది గాల్లో ఎగురుతాండాది. వాళ్ళ నాయన లేచి కుర్చీ తుడిచి వేసినాడు. నేను కూర్చుని, మొదట్నుంచీ చెప్పినాను. అక్క అట్ల చేసింది, అక్క ఇట్ల చేసింది అని చెప్తానే ఉన్నాను. ఆయన తల దించుకుని విన్నాడు. పిల్ల కుట్టుమిషన్ పక్కన నిలబడి వినింది. అంతా అయినాక, "మాకు తెలుసు మేడం. ఈడ మా హెడ్మాస్టరు మొన్న కంప్యూటర్‌లో సూపించినాడు. నేను ఈడ బడికి పొయ్యిన దినాలన్నీ ఆడ కూడా వచ్చినట్టు ఉండాది" అనింది. "మా నాయన మీ మేడమే మోసం చేసింది అన్నాడు. నేను రెండు దినాలు ఆయనతో మాట్లాడలేదు. మా మేడం అట్లాంటిది కాదు, వచ్చి రాసిస్తాది సూడు అని చెప్పినాను."

లోపలికి పోయి తెల్ల కాగితం తెచ్చింది. కుప్పం హెడ్మాస్టరు మంచాయన. సోమవారం సాయంత్రం ఐదు గంటలకి ఆఖరు, అందాకా పై ఆఫీసులో ప్రత్యేకంగా అడిగి పేరు ఎక్కించొచ్చు అన్నాడంట. అయితే పాత బడిలో వేసిన హాజరు అబద్ధమని క్లాస్ టీచరు రాసివ్వాల. లేకపోతే అబద్ధం చెప్పేది ఈ బడే అనుకుంటారు. నాకు కష్టం లేకుండా ఆ పిల్లే అంతా రాసిపెట్టింది, నేను నేర్పించిన గుండ్రటి చేతిరాతతో. "ఈ విద్యార్థిని జూన్ ఆఖరు నుంచి మా బడికి రాకపోయినా, వచ్చినట్టు నేను హాజరు వేసినాను." కింద సంతకానికి చోటు వదిలింది. ఒక్క మాట కూడా తప్పు లేదు. అక్క పేరు యాడా లేదు, ఉండాల్సిన పని కూడా లేదు. వేలు నాది.

పెన్ను మూత తీసి నా చేతికిచ్చింది.

సస్పెండ్ చేస్తారు. ఫీజులు, బాడుగ, అన్నీ నా ఒక్క జీతం మీదే. ఆ కాగితం చదవడానికి ఎంత సేపు పట్టిందో అంత సేపట్లోనే ఇవన్నీ నా తలలో తిరిగేసినాయి. "ఇది ఇట్ల రాయకూడదు మే" అన్నాను, చాలా మెత్తగా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆఫీసు భాషలో రాయాల. నేను ఇంటికి పోయి రాసి, సోమవారం పొద్దునే నా చేత్తో తెస్తాను." కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను.

వాళ్ళ నాయన ఉర్దూలో మెల్లిగా అన్నాడు, నేను చెప్పలేదా అని. నాకు ఉర్దూ అర్థం అవుతాదని ఆయనకి తెలీదు. పిల్ల కూడా ఉర్దూలోనే, కోపంగా, మేడం సోమవారం తెస్తానని చెప్పింది కదా అనింది. బస్టాండు దాకా వచ్చి నన్ను బస్సెక్కించింది.

సోమవారం నేను పుంగనూరు బడికి పోయినాను. మధ్యాహ్నం పాఠాలు రెండూ చెప్పినాను. నాలుగున్నరకి స్టాఫ్ రూములో నా ఫోన్ మోగింది, ఆ పిల్ల వాళ్ళ నంబరే. బోర్లా పెట్టినాను. బల్లకి అవతల అక్క నోటు పుస్తకాలు దిద్దుతా తలెత్తి చూసి, మళ్ళీ దించుకునింది. ఐదు దాకా ఆరుసార్లు మోగింది. ఐదు దాటినాక మోగలేదు.